గాజుపలక మీది చరిత్ర: ప్రయోగశాల విద్యార్థులకు సూక్ష్మజీవశాస్త్ర తొలి పాఠాలు



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ప్రయోగశాల సాంకేతిక విద్య అభ్యసిస్తున్న కొందరు విద్యార్థులతో ఇటీవల మాట్లాడే అవకాశం కలిగింది. గ్రామ్ స్టెయిన్ ఎలా చేస్తారని అడిగాను. నాలుగు మెట్లూ తడుముకోకుండా వరుసగా చెప్పారు. ఎందుకు ఆ వరుసలోనే చేయాలని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. చివరికి ఒక అమ్మాయి, "పుస్తకంలో అలా ఉంది సార్, అందుకే చేస్తున్నాము" అన్నది. ఆమె నిజాయితీ నాకు నచ్చింది. ఆ వయస్సులో నేనూ అదే సమాధానం చెప్పి ఉండేవాడిని.

మీరు రోజూ చేసే ప్రతి పరీక్ష వెనుక ఒక మనిషి పడిన శ్రమ, ఒక ఊరు అనుభవించిన దుఃఖం ఉన్నవి. ఆ కథ తెలిసినవాడు మెట్టు తప్పడు. వాటిలో కొన్ని కథలు మన రైలు మార్గం మీదనే జరిగినవి. అందుకే ఈ వ్యాసాన్ని చరిత్రగా వ్రాస్తున్నాను. ప్రయోగశాలతో సంబంధం లేని పాఠకులు కూడా దయచేసి చివరి వరకు చదవండి. పరీక్ష చేసేవారు వారైనా, నమూనా ఇచ్చేది మీరే.

గత్తర కాలం

మన తెలంగాణ పల్లెలలో కలరాకు "గత్తర" అని పేరు. ఆ మాట నేటికీ పెద్దల తిట్లలో బ్రతికి ఉన్నది. ఒక వ్యాధి పేరు తిట్టుగా మిగిలిందంటే ఆ భయం ఎంత లోతుగా పాతుకున్నదో ఊహించవచ్చును. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలకు మూలం 1813 నాటి గత్తర మొక్కు అని చెప్పుకొంటారు. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని జనం ఇప్పటికీ "కోరంటి దవాఖాన" అంటారు. క్వారంటైన్ అనే ఆంగ్లపదమే మన నోట కోరంటి అయినది.

గత్తర గాలివలన వస్తుందని ఒకరు, దేవత కోపమని ఒకరు నమ్మిన కాలంలో, 1854లో లండన్ వైద్యుడు జాన్ స్నో అది నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపాడు. అయితే ఆ నీటిలో ఉన్నదేమిటో ఆయన చూపలేకపోయాడు. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ ఈజిప్టు మీదుగా కలకత్తా చేరి, 1884లో వంకర తిరిగిన ఆ సూక్ష్మజీవిని రోగుల పేగులలోనూ, జనం వాడుకొనే చెరువు నీటిలోనూ గుర్తించాడు.

ఇక్కడ మీకు మొదటి పాఠం ఉన్నది. గత్తర రోగి విరేచనం బియ్యం కడిగిన నీళ్ళవలె ఉంటుంది. తాజా నమూనా నుండి ఒక చుక్కను వ్రేలాడే బిందువు పద్ధతిలో చూస్తే ఆ జీవులు ఎగిరే చిమ్మటల గుంపులా పరుగులు తీస్తూ కనిపిస్తాయి. అదే నమూనాను ఎండలో నాలుగు గంటలు ఉంచి తెస్తే ఆ పరుగు కనిపించదు, పెంపకంలోనూ దొరకకపోవచ్చును. సూక్ష్మజీవి లేదని అప్పుడు మీరు వ్రాసే మాట నిజం కాదు. వెంటనే పంపలేనప్పుడు తగిన రవాణా మాధ్యమంలో ఉంచవలెనన్న నియమం అందుకే పుట్టినది.

సికింద్రాబాదులో ఒక దోమ

1880లో ఫ్రెంచ్ సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. అది మనిషిలోనికి ఎలా చేరుతున్నదన్న ప్రశ్నకు సమాధానంలో అతి ముఖ్యమైన భాగం మన సికింద్రాబాదులో దొరికింది.

రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో పనిచేస్తూ వేసవి ఉక్కలో దోమలను ఒక్కొక్కటిగా కోసి చూసేవాడు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి గనుక దానిని ఆపించాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఒక దోమ కడుపు గోడలో నల్లని రంగు రేణువులు గల కణాలను చూశాడు. ఆ రేణువులు మలేరియా పరాన్నజీవివే. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి మిగిలిన దారిని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

విద్యార్థులు ఇందులో అదృష్టాన్ని చూడవద్దు. అంతకు ముందు రాస్ ఎన్నో దోమలను కోశాడు. అవి తప్పు జాతి దోమలు గనుక ఏమీ దొరకలేదు. అయినప్పటికీ ఏ దోమ ఎప్పుడు ఎవరిని కుట్టిందో, ఏ రోజు కోశాడో వ్రాసిపెట్టుకొన్నాడు. ఆ లెక్కే లేకపోతే ఆగస్టు 20న చూసిన కణాలకు అర్థం ఉండేది కాదు. స్లైడు మీద పేరు, సంఖ్య, తేదీ వ్రాయడం గుమాస్తా పని అనుకొనేవారికి ఇదే నా సమాధానం.

మన ప్రాంతానికి ఈ కథతో దగ్గరి సంబంధమే ఉన్నది. మంజీర నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీరు వరిని తెస్తుంది. కాలువలలోనూ, పొలం గుంటలలోనూ పెరిగే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమ మన దేశపు పల్లెలలో మలేరియాకు ప్రధాన వాహకం. పంట, దోమ ఒకే నీటిని పంచుకొన్నవి.

నేను ప్రభుత్వ సర్వీసులో చేరేనాటికి మలేరియా తిరగబడి ఉన్నది. దేశంలో 1961 నాటికి సుమారు 50 వేలకు తగ్గిన కేసులు 1976లో 64 లక్షలు దాటాయి. జ్వరం అన్న ప్రతివారికీ ఆరోగ్య కార్యకర్త వ్రేలు పొడిచి రక్తం తీసి, నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చి వెళ్ళేవాడు. స్లైడు ఫలితం వచ్చేసరికి వారాలు గడిచేవి. అప్పటికి జ్వరం తగ్గినవారు పొలానికి, తగ్గనివారు పట్నానికి వెళ్ళిపోయేవారు. ఆలస్యంగా వచ్చిన సరైన ఫలితం రోగికి ఎందుకూ పనికిరాదని నాకు అప్పుడే తెలిసినది.

ఒకే స్లైడు మీద మందపు పూత, పలుచని పూత రెండూ ఎందుకు వేస్తారో గుర్తుంచుకోండి. మందపు పూతలో రక్తం ఎక్కువ గనుక పరాన్నజీవి ఉన్నదా లేదా తెలుస్తుంది. పలుచని పూతలో ఎర్రకణాల ఆకారం చెదరదు గనుక అది వైవాక్సా, ఫాల్సిపారమా అన్నది తెలుస్తుంది. మొదటిది పట్టుకొంటుంది, రెండవది పేరు చెబుతుంది.

రంగు, పళ్ళెం, వంటింటి అగర్

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాము. 1884లో డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల ముక్కలను పరిశీలిస్తున్నాడు. కణజాలం, సూక్ష్మజీవి ఒకే రంగులో కలిసిపోయి కనిపించడం ఆయన సమస్య. ఊదారంగు వేసి, అయోడిన్ ద్రవంలో ఉంచి, ఆల్కహాల్‌తో కడిగితే కణజాలం రంగు వదిలింది, కొన్ని సూక్ష్మజీవులు వదలలేదు. మరికొన్ని జాతులు రంగు వదిలేస్తున్నాయని కూడా ఆయన గమనించాడు. ఆ లోపమే తరువాతి కాలంలో పద్ధతికి ప్రాణమయింది. రంగు వదిలినవాటిని చూపడానికి ఎర్రని రంగు చేర్చినవారు ఆయన తరువాతివారు.

కావున వరుస ఇట్లా అర్థం చేసుకోండి. క్రిస్టల్ వయొలెట్ అందరికీ రంగు వేస్తుంది. అయోడిన్ ఆ రంగును కణం లోపల పెద్ద ముద్దగా కట్టిస్తుంది. ఆల్కహాల్ పరీక్ష పెడుతుంది: మందమైన గోడ గలవి ముద్దను దాచుకొంటాయి, పలుచని గోడ గలవి పోగొట్టుకొంటాయి. సాఫ్రనిన్ పోగొట్టుకొన్నవాటికి ఎరుపు ఇస్తుంది. ఆల్కహాల్ మెట్టులో కొన్ని సెకన్లు ఎక్కువైతే ఊదా జీవి ఎర్రగా కనిపిస్తుంది, తక్కువైతే ఎర్రనిది ఊదాగా మిగులుతుంది. మెదడు పొర వాపుతో ఉన్న పసిబిడ్డ వెన్నునీటి విషయంలో ఆ పొరపాటు జరిగితే వైద్యుడు ఎంచుకొనే మందే మారిపోవచ్చును.

సూక్ష్మజీవులను పెంచే పద్ధతికీ ఒక వంటింటి కథ ఉన్నది. కాక్ తొలుత జెలటిన్ వాడేవాడు. శరీరపు వేడికి అది కరిగిపోయేది. మన కామారెడ్డి మే నెల ఎండలో అయితే అలమారలోనే నీరయ్యేది! ఆయన వద్ద పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె, వంటలో తాను వాడే అగర్‌ను సూచించింది. సముద్రపు నాచునుండి తీసే ఈ పదార్థం ఇంక్యుబేటర్ వేడికి కరగదు. 1887లో పెట్రి మూత గల పళ్ళెం చేశాడు. నేటికీ మీ చేతిలో ఉన్నవి అవే. అయితే పళ్ళెంతో పాటు పెట్రి పేరు లోకమంతా పాకింది, అగర్ ఇచ్చిన ఇల్లాలి పేరు మాత్రం చాలాకాలం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

డిచ్‌పల్లి పాఠం

కామారెడ్డి నుండి నిజామాబాదుకు రైలులో వెళ్ళేవారికి దారిలో డిచ్‌పల్లి వస్తుంది. గుట్టమీది రామాలయం చాలామందికి తెలుసు. అక్కడి కుష్ఠువ్యాధి ఆసుపత్రి చరిత్ర తెలిసినవారు తక్కువ.

కుష్ఠును మన పెద్దలు "పెద్దరోగం" అనేవారు. రోగం పేరు పలకడానికే జంకు. స్కాట్లండులోని అబర్డీన్‌లో వైద్యవిద్య చదివిన ఇసబెల్ కెర్ తన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. తరువాత నిజామాబాదులో పనిచేస్తూ, ఊళ్ళనుండి వెలివేయబడి చికిత్స లేక తిరుగుతున్న కుష్ఠురోగులను చూసింది. స్థానిక దాత నర్సాగౌడ్ గారి విరాళం తోడై 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి ఏర్పడింది. ఆ రోజుల మందు చాల్ముగ్ర జాతి గింజల నూనె. దానిని సూదితో ఎక్కించేవారు. బాధ ఎక్కువ, నేటి కొలమానంతో చూస్తే ఫలితం పరిమితం. అయినా రోగికి తలుపు తెరిచిన చోటు అది. 1932లో ఆమె మరణించేవరకు ఆ సేవ సాగించింది.

కుష్ఠుక్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే చూశాడు. కాక్ క్షయక్రిమిని ప్రకటించిన 1882 మార్చి 24కు ఇది తొమ్మిదేళ్ళ ముందు. ఒక క్రిమి ఒక వ్యాధికి కారణమని చెప్పాలంటే దానిని రోగి నుండి వేరుచేసి, శుద్ధంగా పెంచి, ఆ పెంపకంతో మరల వ్యాధి కలిగించి చూపాలని కాక్ పాఠశాల నియమం. కుష్ఠుక్రిమి ఇంతవరకు ఏ కృత్రిమ పళ్ళెంలోనూ పెరగలేదు. 1960లో ఎలుక పాదంలోనూ, 1971లో ఆర్మడిల్లో అనే జంతువులోనూ మాత్రమే పెంచగలిగారు.

అంటే డిచ్‌పల్లి వంటి చోట పనిచేసిన సాంకేతికునికి పళ్ళెం సహాయం లేదు. చెవి తమ్మెను, కనుబొమను, మచ్చ అంచును వ్రేళ్ళతో గట్టిగా నొక్కి, రక్తం రాకుండా సన్నని గాటు పెట్టి, బ్లేడు అంచుతో చర్మద్రవాన్ని గీరి తీసే స్లైడే ఆధారం. రక్తం కలిస్తే స్లైడు చెడుతుంది. మైకోబాక్టీరియా గోడలో మైనం వంటి పదార్థం ఉంటుంది గనుక వేడిచేసిన కార్బోల్ ఫ్యుక్సిన్ ఎరుపును పట్టుకొని ఆమ్లానికి కూడా వదలవు. అయితే కుష్ఠుక్రిమి ఆమ్లానికి తట్టుకొనే శక్తి క్షయక్రిమికన్నా తక్కువ. క్షయ స్లైడుకు వాడే 20 లేదా 25 శాతం గంధకామ్లాన్ని ఇక్కడ వాడకూడదు. 5 శాతం, లేదా 1 శాతం ఆమ్ల ఆల్కహాల్ చాలు. సీసా మారితే రోగి "క్రిమి లేనివాడు" అయిపోతాడు.

ఆ స్లైడు మీది లెక్క మనిషి బ్రతుకును నిర్ణయించేది. రిడ్లీ పద్ధతిలో సున్నా నుండి 6 వరకు అంకె వేస్తారు. వంద క్షేత్రాలలో 1 నుండి 10 క్రిములుంటే 1, ఒక్కో క్షేత్రంలోనే వేయికి మించితే 6. ఒకప్పుడు అంకె సున్నాకు దిగితేనే రోగి ఇంటిదారి పట్టగలిగేవాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాని అలసట మరొకని ఇంటి వాకిలిని మూసివేయగల కాలం అది.

1941లో అమెరికాలోని కార్విల్‌లో సల్ఫోన్ మందుల వాడకం మొదలైంది. మన దేశంలో చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ వంటివారు వాటిని వాడారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేశారు. 2005 డిసెంబరులో దేశస్థాయిలో పదివేల మందికి ఒకటి కన్న తక్కువ కేసుల స్థితికి చేరాము. అది నిర్మూలన కాదు. క్రొత్త కేసులు నేటికీ వస్తున్నవి. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను వైవాహిక చట్టాలనుండి తొలగించడానికి మనకు 2019 వరకు పట్టింది.

ఒక తెమడ నమూనా

ఇప్పుడు నా స్వంత పొరపాటు ఒకటి చెబుతాను. సర్వీసు తొలి సంవత్సరాలలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తుండగా, రెండు నెలలుగా దగ్గుతున్న ఒక బీడీ కార్మికురాలు వచ్చింది. తెమడ పరీక్ష వ్రాశాను. "క్రిములు లేవు" అని వచ్చింది. బీడీ పొగాకు దుమ్ము వలన దగ్గు అని చెప్పి మందిచ్చి పంపాను. మూడు నెలల తరువాత ఆమె మరల వచ్చింది. ఈసారి చంకలో చిక్కిపోయిన బిడ్డ ఉన్నది.

మొదటిసారి ఏమిచ్చావమ్మా అని అప్పుడు అడిగాను. మధ్యాహ్నం బస్సుకు అందుకోవలెనని, దగ్గు రాకపోయినా డబ్బాలో ఉమ్మి ఇచ్చానని చెప్పింది. "ఉమ్మమన్నరు సారూ, ఉమ్మిన" అన్నది. మరునాడు తెల్లవారుజామున లోతుగా దగ్గి తెచ్చిన తెమడలో ప్రతి క్షేత్రంలోనూ ఎర్రని క్రిములు గుంపులుగా ఉన్నవి. ఆమె కోలుకొన్నది. బిడ్డ దక్కలేదు.

ప్రయోగశాల తప్పు చేయలేదు. ఇచ్చిన ఉమ్మిలో క్రిములు నిజంగానే లేవు. నమూనా ఏమిటని అడగనిది నేను. అప్పటినుండి "నెగెటివ్" అన్న మాట చూసిన ప్రతిసారీ, దేనిలో నెగెటివ్ అని నన్ను నేను ప్రశ్నించుకొన్నాను.

ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు 5 వేల నుండి 10 వేల క్రిములు ఉంటేగాని సాధారణ సూక్ష్మదర్శినిలో కనిపించవు. అందుకే వంద క్షేత్రాలు చూడకుండా "లేవు" అని వ్రాయకూడదు. వంద క్షేత్రాలలో 10 నుండి 99 ఉంటే ఒక ప్లస్, ఒక్కో క్షేత్రంలో 1 నుండి 10 ఉంటే రెండు, పదికి మించితే మూడు. పెంపకం ఇంతకన్న సున్నితమైనది కాని గుడ్డుతో చేసే ఎల్‌జే మాధ్యమంలో 6 నుండి 8 వారాలు పడుతుంది. నేటి సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కొద్ది గంటలలో క్రిమిని, రిఫాంపిసిన్ నిరోధకతను చెబుతున్నవి. అయితే ఉమ్మిని తెమడగా మార్చగల యంత్రం ఇంకా రాలేదు.

విడాల్ అంకె, టైఫాయిడ్ భయం

మన పల్లెలలో జ్వరం నాలుగు రోజులు దాటితే "టైఫాయిడ్ పరీక్ష" చేయిస్తారు. అది ఎక్కువగా విడాల్ పరీక్ష. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ దీనిని ప్రవేశపెట్టినపుడు గొప్ప ముందడుగే. కాని ఇది క్రిమిని చూపదు, క్రిమి మీద శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను చూపుతుంది. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్, ఇతర సాల్మొనెల్లా జాతులు, మరికొన్ని జ్వరాలు కూడా అంకెను పెంచగలవు. మొదటి వారంలో నిజమైన టైఫాయిడ్‌లోనే అంకె రాకపోవచ్చును. వారం, పది రోజుల వ్యవధిలో రెండుసార్లు చేసి నాలుగు రెట్లు పెరిగితేనే దానికి విలువ.

సరియైన పరీక్ష మొదటి వారంలో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీసిన రక్తపు కల్చర్. పెద్దవారిలో 8 నుండి 10 మిల్లీలీటర్లు కావాలి. అది కూడా సగం మందిలోనే పట్టిస్తుంది. అయినా పట్టిస్తే క్రిమిని చేతికిస్తుంది, ఏ మందుకు లొంగుతుందో చెబుతుంది. ఒక్క విడాల్ అంకె చూసి వారం రోజులు సెలైన్లు, సూదులు ఎక్కించుకొన్న కుటుంబాలు అప్పులపాలవడం చూశాను. పాఠకులారా, ఈ ఒక్క విషయం ఇరుగుపొరుగుకు చెప్పండి.

మందుకు లొంగని క్రిమి

మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ బెంజమిన్ డుగ్గార్ మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ వంశపు తొలి మందు, 1948లో వెలుగులోనికి వచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అదే కాలంలో వచ్చిన క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌ను లొంగదీసింది. పాతికేళ్ళు తిరగకముందే, 1972లో కేరళలోని కోళికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది.

ఏ మందు పనిచేస్తుందో చెప్పే డిస్కు పద్ధతిని 1966లో కిర్బీ, బావర్, వారి సహచరులు ప్రమాణీకరించారు. క్రిమి సాంద్రత, అగర్ మందం, వేడి, సమయం అన్నీ స్థిరంగా ఉంటేనే డిస్కు చుట్టూ ఏర్పడే ఖాళీ వలయపు మిల్లీమీటర్లకు అర్థం. కంటి అంచనాతో "సెన్సిటివ్" అని వ్రాసే అలవాటు ఉంటే నేడే మానండి. వైద్యుడు మీ స్కేలును నమ్మి మందు వ్రాస్తాడు.

విద్యార్థులకు చివరి మాట

2016లో కామారెడ్డి జిల్లా అయినది, 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయినది. నా యౌవనంలో నమూనా పట్నానికి వెళ్ళేది, నేడు పరీక్షే మన వద్దకు వచ్చింది. బాధ్యత కూడా దానితోపాటే వచ్చింది.

అందుకని నాలుగు అలవాట్లు అడుగుతున్నాను. నమూనా ఎప్పుడు, ఎక్కడినుండి, ఎలా తీశారో అడగండి. డబ్బా మూత మీద కాదు, డబ్బా మీదనే పేరు వ్రాయండి, మూతలు మారిపోతాయి. ప్రతి రోజూ తెలిసిన పాజిటివ్, తెలిసిన నెగెటివ్ స్లైడులను మీ రంగులతో పరీక్షించుకోండి. అనుమానం ఉంటే "నమూనా సరిపోదు, మరల పంపండి" అని వ్రాయడానికి సిగ్గుపడకండి. ఆ ఒక్క వాక్యం ఆనాడు నా బల్లమీదికి వచ్చి ఉంటే ఆ తల్లిని మరునాడే పిలిపించి ఉండేవాడిని.

పాఠకులకు విన్నపం. రెండు వారాలు మించిన దగ్గు, స్పర్శలేని మచ్చ, వదలని జ్వరం ఉంటే దాచుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయకు, కుష్ఠుకు పరీక్ష, మందులు ఉచితం. తెమడ అడిగితే తెల్లవారుజామున నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోతుగా దగ్గి ఇవ్వండి. ఎలా ఇవ్వాలో తెలియకపోతే అడగండి. చెప్పవలసిన బాధ్యత మాది.